కొలవని వాలు ఎక్కకూడదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పాత జ్ఞాపకాలు అందరూ చెబుతారు. నువ్వు నీ పని గురించి చెప్పు" అన్నారు. నా పని సభల్లో చెప్పుకునేంత అందమైనది కాదు. మనుషుల్ని ఎత్తుకు చేర్చే యంత్రాలను బాడుగకు ఇచ్చే రంగంలో, వాటి భద్రత చూసే ఇంజనీర్ని. యంత్రం ఏ సైటుకు వెళ్లాలన్నా ముందు దారి చూడటం, నేల చూడటం, నడిపే కుర్రాళ్లకు శిక్షణ ఇవ్వటం నా ఉద్యోగం. ఈ బడిలో నేర్చుకున్నవాటిలో మూడు సంగతులు ఆ ఉద్యోగంలో నాకు రోజూ పనికొస్తున్నాయి: గరిమనాభి, ఘర్షణ, టాన్ థీటా. టాన్ థీటా ఎందుకు పనికొస్తుందని మా లెక్కల మాస్టారిని అడిగిన తరగతి మాది. ఆ ప్రశ్నకు ఈ రోజు జవాబు చెబుతాను.

నేను మాట్లాడబోయేది ఒకే ఒక యంత్రం గురించి, అది వాలు మీద నడిచే తీరు గురించి. దాన్ని స్పైడర్ లిఫ్ట్ అంటారు. మీలో చాలామంది చూసే ఉంటారు. పెద్ద హోటళ్ల అద్దాలు తుడవటానికి, ఆడిటోరియంలో పైకప్పు దీపాలు మార్చటానికి, గోపురాలకు రంగులు వేయటానికి, చెట్ల కొమ్మలు కొట్టటానికి వస్తుంది. కింద ప్రొక్లెయిన్‌కు ఉన్నట్టు రెండు ట్రాకులుంటాయి, కాకపోతే రబ్బరువి. మన సైట్లలో దాన్ని చెయిన్ బండి అంటారు. పైన మడతపెట్టిన బూమ్, దాని చివర ఇద్దరు మనుషులు నిలబడే బాస్కెట్. పని చేసే చోటికి చేరాక నాలుగు కాళ్లు సాలెపురుగులా చాపి, నేల మీద ఆన్చి, ట్రాకుల్ని గాల్లోకి లేపి నిలబడుతుంది. అప్పుడే బూమ్ లేస్తుంది. పదిహేను, ఇరవై మీటర్ల ఎత్తుకు వెళ్లే రకాలు చాలావరకు రెండు నుంచి మూడు టన్నుల బరువుంటాయి. ట్రాకులమీద నడిచేటప్పుడు బాస్కెట్లో ఎవరూ ఉండకూడదు. ఆపరేటరు రిమోట్ పట్టుకుని పక్కన నడుస్తూ తోలతాడు.

దీన్ని చూసినవాళ్లందరికీ ఒకే అభిప్రాయం కలుగుతుంది: "చెయిన్ బండి కదా, యుద్ధ ట్యాంకులాగా ఎక్కడికైనా ఎక్కేస్తుంది." ఈ అభిప్రాయమే ప్రమాదాలకు మొదలు. ట్రాకు ఎందుకు పుట్టిందో చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం స్టాక్టన్ దగ్గర నదీ డెల్టా భూములు మెత్తని బురద నేలలు. భారీ ఆవిరి ట్రాక్టర్లు చక్రాలతో దిగితే కూరుకుపోయేవి. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన చక్రాలు తీసేసి చెక్క పలకల ట్రాకులు వేసి 1904లో పరీక్షించాడు. బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంది, బండి మునగలేదు. అంటే ట్రాకు తీర్చిన సమస్య కూరుకుపోవటం. పట్టు కూడా కొంత పెరిగింది, నిజమే. కానీ బోర్లాపడటం అనే సమస్యను ట్రాకు తీర్చలేదు. అది గరిమనాభి వ్యవహారం. ట్రాకులు వేసినంత మాత్రాన గరిమనాభి కిందికి దిగదు.

ఇక్కడ బల్ల మీద ఒక చెక్క పలక, ఒక ఇటుక పెట్టాను. 19 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు, 9 మందం ఉన్న ఇటుక. దీన్ని పలక మీద నిలువుగా నిలబెట్టి పలకను ఒక వైపు నెమ్మదిగా ఎత్తుతున్నాను. చూడండి... పడిపోయింది. ఇప్పుడు అదే ఇటుకను పడుకోబెట్టి, పొడుగు వాలు వెంట ఉండేలా పెట్టి ఎత్తుతున్నాను. పడలేదు, జారింది. రెండూ వాలు మీద జరిగే ప్రమాదాలే, కారణాలు మాత్రం వేరు. మొదటిది గరిమనాభి నుంచి దించిన నిలువు గీత ఆధారం అంచు దాటిపోవటం. రెండోది ఘర్షణ చాలకపోవటం. నిలబెట్టిన ఇటుకకు సగం వెడల్పు నాలుగున్నర, గరిమనాభి ఎత్తు తొమ్మిదిన్నర. నాలుగున్నరను తొమ్మిదిన్నరతో భాగిస్తే వచ్చేది పడిపోయే కోణపు టాన్ విలువ. ఆ కోణం 25 డిగ్రీలు. మా తరగతి ప్రశ్నకు జవాబు ఇదే మాస్టారూ.

ఇప్పుడు ఇటుక బదులు లిఫ్టు పెట్టండి. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇళ్ల గేట్లలో పట్టటానికి వీలుగా ఈ యంత్రాలు సన్నగా చేస్తారు. ట్రాకుల బయటి అంచుల మధ్య 80 సెంటీమీటర్లు అనుకోండి, గరిమనాభి నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. సగం వెడల్పు 40. నలభైని 75తో భాగిస్తే కోణం 28 డిగ్రీలు. బండి అడ్డంగా అంత వంగితే కాగితం మీద పడిపోతుంది. అదే బండి ట్రాకు నేలకు ఆనే పొడవు 140 సెంటీమీటర్లు అనుకుంటే, వాలు వెంట నేరుగా నిలబడినప్పుడు ఆ కోణం 43 డిగ్రీలు. నేరుగా ఎక్కటానికీ, అడ్డంగా పోవటానికీ ఇంత తేడా ఉంది.

"28 డిగ్రీల దాకా భయం లేదన్నమాట" అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఆ 28 బండి కదలకుండా, చదునైన గట్టి పలక మీద ఉన్నప్పటి లెక్క. మన నేలలు పలకలు కావు. 15 డిగ్రీల వాలు మీద అడ్డంగా పోతుంటే ఎగువ ట్రాకు కిందికి పది సెంటీమీటర్ల రాయి ఒకటి వచ్చిందనుకోండి. 80 సెంటీమీటర్ల వెడల్పు మీద ఆ రాయి ఒక్కటే మరో 7 డిగ్రీలు కలుపుతుంది. 15 కాస్తా 22 అయింది. అదే సమయంలో దిగువ ట్రాకు కింద మట్టి నాలుగు వేళ్లు అణిగితే ఇంకో ఐదు డిగ్రీలు. కుదుపు కలిస్తే చెప్పక్కర్లేదు. నేల అంతటా 15 డిగ్రీలే ఉంది, బండి మాత్రం పడింది. అందుకే తయారీదారులు పక్క వాలుకు ఇచ్చే పరిమితి ఈ కాగితం లెక్క కన్నా బాగా తక్కువ ఉంటుంది. "కంపెనీవాళ్లు ఊరికే తక్కువ రాస్తారు, ఇంకాస్త పోనిస్తుంది" అని సైట్లో చెప్పే పెద్దమనుషులు ఆ రాయినీ, అణిగే మట్టినీ లెక్క వేయరు.

ప్రతి బండికీ వాలు గురించి సాధారణంగా మూడు అంకెలుంటాయి. కొన్ని బండి మీది పలక మీద ఉంటాయి, అన్నీ పుస్తకంలో ఉంటాయి. ఒకటి, నేరుగా ఎక్కగలిగే, దిగగలిగే వాలు. రెండు, అడ్డంగా పోగలిగే వాలు. ఇది చాలావరకు మొదటిదాని కన్నా తక్కువ. మూడు, కాళ్లు చాపి సమతలం చేసుకుని నిలబడగలిగే వాలు. ఈ మూడింటిని కలగలిపేయటం మా రంగంలో తరచూ చూస్తాం. బ్రోచర్లో పెద్ద అక్షరాల్లో మొదటి అంకె ఉంటుంది, దాన్నే అన్నింటికీ వాడేస్తారు. ఎక్కగలిగిన ప్రతి చోటా నిలబడి పని చేయగలదని కాదు. నిలబడగలిగిన చోటికి అడ్డంగా చేరగలదనీ కాదు.

ఇంకో చిక్కు, శాతానికీ డిగ్రీకీ తేడా. వాలు 30 శాతం అంటే వంద అడుగులు ముందుకు పోతే 30 అడుగులు ఎక్కామని. అది దాదాపు 17 డిగ్రీలే. 30 డిగ్రీలు అంటే 58 శాతం. వంద శాతం అంటే 45 డిగ్రీలు. బండి పలక మీద శాతం రాసి ఉండి, సైటు ఇంజనీరు డిగ్రీల్లో మాట్లాడితే ఇద్దరూ చదువుకున్నవాళ్లే అయినా బండి మాత్రం బోర్లాపడుతుంది.

వాలు కొలవటానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. తాపీమేస్త్రి దగ్గర ఉండేవే చాలు: ఒక మీటరు పొడవున్న తిన్నని కర్ర, రసమట్టం, టేపు. కర్ర ఒక కొస వాలు పైవైపు నేలకు ఆన్చండి. రెండో కొసను రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చేదాకా ఎత్తండి. ఆ కొస కింద నేలకు ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో అదే శాతం. 10 సెంటీమీటర్లుంటే దాదాపు 6 డిగ్రీలు, 20 ఉంటే 11, 27 ఉంటే 15, 36 ఉంటే 20. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో కూడా కోణం కొలవచ్చు. ముందు దాన్ని చదునైన బల్ల మీద పెట్టి, తిప్పి పెట్టి, రెండుసార్లూ సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. ఎలా కొలిచినా దారిలో అన్నింటికన్నా నిటారుగా ఉన్న చోట కొలవాలి. సగటు వాలుతో బండికి పని లేదు. అది పడేది ఒక్క చోటే. పైకి ఒకసారి, పక్కకు ఒకసారి కొలవాలి. కంటి అంచనాను నమ్మకూడదు. నేను పాతికేళ్లకు పైగా వాలులు చూస్తున్నాను, ఇప్పటికీ కర్ర పెట్టకుండా అంకె చెప్పను.

ఇక నడపటం. బండి కదలకముందే బూమ్ పూర్తిగా మడిచి ఉండాలి, బాస్కెట్ ఖాళీగా ఉండాలి. రంగు డబ్బాలు, తాళ్లు, సామాన్లు అందులో వేసి తోలకూడదు. ట్రాకుల వెడల్పు పెంచుకునే వీలున్న బండ్లలో గేటు దాటగానే వెడల్పు చేసుకోవాలి. ఇందాకటి లెక్కలో 80 సెంటీమీటర్లను 110 చేస్తే, పక్కకు పడే కోణం 28 నుంచి 36కు పెరుగుతుంది. ఒక మీట నొక్కితే వచ్చే ఈ రక్షణను సోమరితనం వల్ల చాలామంది వాడరు. నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. ఏ కొస ఎగువకు ఉండాలో పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. సాధారణ సూత్రం, బరువైన కొస ఎగువన ఉండాలి. అందుకోసం కొన్ని బండ్లను వెనక్కి ఎక్కించాల్సి వస్తుంది. వేగం కనిష్ఠంలో ఉండాలి. మీట వదిలేస్తే ట్రాకులకు బ్రేకు పడుతుంది, కానీ వేగంలో వదిలితే మూడు టన్నుల బండి తల ఊపుతుంది.

వాలు మీద మలుపు తిప్పకూడదు. కారు మలుపు వేరు, ట్రాకుల మలుపు వేరు. ఒక ట్రాకు నిలిపి ఇంకోటి నడిపితే, నిలిచిన ట్రాకు నేలను గీరుకుంటూ తిరుగుతుంది. మట్టి దిగువ వైపు గట్టులా పోగవుతుంది. ఆ గట్టుకు ట్రాకు తన్నుకుంటే బండి దాని మీదుగా పల్టీ కొట్టవచ్చు, లేదా ఒక గులకరాయి దూరి ట్రాకు పళ్ల చక్రం నుంచి ఊడిపోవచ్చు. వాలు మధ్యలో ట్రాకు ఊడిన బండిని మళ్లీ సరిచేయటం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. దిశ మార్చాలంటే చదునైన చోటికి వెళ్లి మార్చుకోవాలి.

గట్టు శిఖరం దగ్గర ఇంకో జాగ్రత్త. బండి ముక్కు గాల్లోకి లేస్తూ వెళుతుంది, ఒక క్షణం త్రాసుముల్లులా ఆగుతుంది, గరిమనాభి అంచు దాటగానే ముందుకు ధబ్‌మని వాలుతుంది. ఈ బండ్లకు కార్లలాగా స్ప్రింగులుండవు. అక్కడ అంగుళం అంగుళంగా పోవాలి.

ఆపరేటరు ఎక్కడ నడవాలి? ఎప్పుడూ ఎగువన. ఎక్కుతున్నా, దిగుతున్నా, అడ్డంగా పోతున్నా బండికి దిగువ వైపు మనిషి అన్నవాడు ఉండకూడదు. గోడకీ బండికీ మధ్యన కూడా ఉండకూడదు. హెల్పర్ అయినా, చూడవచ్చిన పిల్లలైనా, చొక్కా నలగని యజమాని అయినా ఇదే నియమం. ముఖ్యమైన మాట ఇంకొకటుంది. బండి జారటం మొదలైతే మనిషికి తెలియకుండానే చేయి అడ్డం పెట్టబుద్ధవుతుంది. సైకిలు పడబోతే పట్టుకున్నట్టు పట్టుకోబోతాడు. మూడు టన్నుల్ని ఎవరూ పట్టలేరు. మీట వదిలి, వెనక్కి తగ్గి, పోనివ్వాలి. ఇనుము మళ్లీ కొనుక్కోవచ్చు.

ఒక హోటల్ తోటలో వానపడ్డ మర్నాడు గడ్డి వాలు మీద మా బండి ఒకటి పక్కకు జారటం నేను చూశాను. కొలత ప్రకారం వాలు పరిమితి లోపలే ఉంది. కానీ తడిసిన గడ్డి మీద రబ్బరుకు పట్టు దొరకలేదు. పక్కకు రెండు మీటర్లు జారి మామిడి చెట్టుకు ఆనుకుని ఆగింది. మా కుర్రాడు ఎగువన ఉన్నాడు, చేయి అడ్డం పెట్టలేదు. మామిడి చెట్టు బెరడు ఊడింది, అంతే. మధ్యాహ్నం ఎండకు గడ్డి ఆరేదాకా ఆగి, చెక్క పలకలు పరిచి బండిని బయటికి తీశాం. పలక మీది అంకె నేల పొడిగా, గట్టిగా ఉన్నప్పటిదని మా శిక్షణలో అప్పటినుంచీ ఈ ఉదాహరణతోనే చెబుతున్నాం. తడి గడ్డి, రాలిన ఆకులు, కొత్తగా పోసిన గ్రావెల్, నున్నటి గ్రానైట్, సెల్లార్ ర్యాంపు మీద కారిన ఆయిల్, వీటికి పలక మీద అంకె ఉండదు. అక్కడ మన బుద్ధే కొలత.

చాలామంది ఆపరేటర్లకు రోజూ ఎదురయ్యే అతి నిటారు వాలు కొండ మీద ఉండదు, లారీ వెనక ఉంటుంది. బండిని లారీలోకి ఎక్కించే రెండు ఇనుప పలకలు. లారీ బల్ల నేల నుంచి ఒక మీటరు ఎత్తు అనుకోండి. పలకలు రెండున్నర మీటర్లుంటే వాలు దాదాపు 24 డిగ్రీలు. అవే మూడున్నర మీటర్లుంటే దాదాపు 17 డిగ్రీలు. మీటరు పొడుగు పలకల ఖర్చు చూసుకుని రోజూ 24 డిగ్రీలు ఎక్కించేవాళ్లున్నారు. లారీ చదును నేల మీద ఉండాలి, చక్రాలకు కట్టెలు పెట్టాలి, పలకల కొక్కేలు తగిలించి ఉండాలి, వాటి మీద బురద ఉండకూడదు, ఎక్కకముందే బండిని నేరుగా నిలుపుకోవాలి. పలకల మధ్యలో సర్దుకుందాం అంటే సర్దుకోవటానికి చోటుండదు. పలకల చివర ఇందాక చెప్పిన గట్టు శిఖరమే మళ్లీ ఎదురవుతుంది.

చేరాల్సిన చోటికి చేరాం. ఇప్పుడు కాళ్లు దించాలి. ఇక్కడి నుంచి ప్రమాదం బాస్కెట్లో ఎక్కబోయే మనుషులది. ట్రాకులు గాల్లోకి లేవగానే వాటి బ్రేకుకు అర్థం లేదు. బండిని వాలు మీద ఆపేది నాలుగు పాదాల కింది ఘర్షణ ఒక్కటే. సాధారణంగా దిగువ కాళ్లు ముందు దించుతారు, సర్దేటప్పుడు ఎగువ కాళ్లు ముందు ఎత్తుతారు. మీ బండి పుస్తకం వేరేగా చెబితే అదే పాటించాలి. పాదం కింద మన్ను వాలుగా ఉంటే మెట్టులా చెక్కి చదును చేయాలి. రాళ్లు పేర్చి ఎత్తు చేయకూడదు. కింద పెద్ద పలక వేయాలి. ఒక కాలి మీద రెండు టన్నుల బరువు పడిందనుకుందాం. పాదం 20 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఆరు కిలోలకు పైగా పడుతుంది. కింద 60 సెంటీమీటర్ల చదరపు పలక వేస్తే అది దాదాపు అర కిలోకు తగ్గుతుంది. పలక మోయటానికి హెల్పర్‌కు రెండు నిమిషాలు పడుతుంది. వాన వచ్చి వెలిస్తే నాలుగు పాదాలూ మళ్లీ చూడాలి. బాస్కెట్లో ఉన్నవాళ్లు నడుము బెల్టుతో కాదు, ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకుని, దాని తాడు బాస్కెట్లో చూపిన కొక్కేనికే తగిలించుకోవాలి.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. 1983లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఇపాఫ్ ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చి కార్డు ఇస్తోంది. శిక్షణకు ఐఎస్ఓ 18878 అనే ప్రమాణం ఉంది. మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ఒక చట్టం చేశారు. తెలియక జరిగే ప్రమాదాలు ఉన్నాయి, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువ సందర్భాల్లో ఆపరేటరుకు తెలుసు. తెలిసీ తోలతాడు. ఎందుకు తోలతాడు అన్నదే ఈ రోజు మీ ముందు పెట్టాలనుకున్న అసలు మాట.

కొండవాలు మీద ఒక గుడికి రంగుల పని. మా కుర్రాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి, ఐటీఐ చదివాడు. పొద్దున్నే కాంట్రాక్టరుగారు నాకు ఫోన్ చేశారు: "ఏమండీ, మీవాడు బండి కదపనంటున్నాడు. నిన్న జేసీబీ పోయిన దారే కదండీ! మేస్త్రీలు పదిమంది ఖాళీగా కూర్చున్నారు." ఫోన్ కుర్రాడికి ఇమ్మన్నాను. "సార్, నేరుగా ఎక్కేదాకా పరవాలేదు. చివర ఎనిమిది మీటర్లు అడ్డంగా పోవాలి. కర్ర పెట్టి చూశాను, 26 వచ్చింది" అన్నాడు. 26 శాతం అంటే పద్నాలుగున్నర డిగ్రీలు. ఆ బండికి పక్క వాలు పరిమితి 10 డిగ్రీలు. జేసీబీ వెడల్పు వేరు, బరువు వేరు. అది పోయిన దారి దీనికి సాక్ష్యం కాదు. ఆపమన్నాను.

నేను వెళ్లేసరికి వేడి ఇంకా తగ్గలేదు. "మీవాడికి భయం, ఇంకో ఆపరేటర్ని పంపండి" అన్నారు కాంట్రాక్టరుగారు. వాదించకుండా కర్ర, రసమట్టం, టేపు ఆయన చేతికే ఇచ్చాను. ఆయనే కొలిచారు. 26 వచ్చింది. పది అడుగులు పక్కకు జరిగి మళ్లీ కొలిచారు, 24. తర్వాత ఆయనే నలుగురు కూలీలను పిలిచి ఆ ఎనిమిది మీటర్లు మెట్టులా చెక్కించి, గ్రావెల్ దిమ్మిస కొట్టించారు. భోజనాల వేళ దాటాక బండి చదును దారిలో వెళ్లి నిలబడింది. పోయింది ఒక పూట. ఆ కుర్రాడికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాయంత్రం అతను నన్ను అడిగింది ఒకటే: "సార్, ఈ పూట బత్తా కోస్తారా?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఆలోచించండి. బండి కదిలితేనే బత్తా అన్న లెక్క ఉన్నచోట, వాలు కొలిచి వద్దన్నవాడు తన జేబులోంచి చెల్లించుకుంటున్నట్టు. నెల తిరిగితే ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లవాడు ఎన్నిసార్లు అలా చెల్లిస్తాడు? రెండోసారో మూడోసారో "ఎలాగో పోనిద్దాం" అంటాడు. అతని బత్తా కోయలేదు. కొలత రాసి చూపించి ఆపినవాడికి ఆ పూట బత్తా ఉంటుందని మా దగ్గర నియమం చేశాం. బాడుగ ఒప్పందంలో కూడా ఒక వాక్యం చేర్చాం: దారి వాలు పరిమితి దాటి ఉంటే, దారి సరిచేసేదాకా యంత్రం ఆగుతుంది, ఆ సమయానికి బాడుగ ఎవరు భరించాలో ముందే రాసుకోవాలి అని. ముందే రాసుకుంటే సైటులో గొడవ ఉండదు. గొడవ లేకపోతే కుర్రాడి మీద ఒత్తిడి ఉండదు.

ఈ హాలులో ఉన్న మనలో లిఫ్టు తోలేవాళ్లు ఒకరిద్దరికి మించి ఉండరు. పిలిపించేవాళ్లం మాత్రం చాలామందిమి. అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులున్నారు, గుడి కమిటీల్లో ఉన్నవారున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఆసుపత్రి, కాలేజీ నడిపేవారున్నారు. విశాఖలో కొండ పక్కన ఇల్లు కట్టుకున్నవారూ, హైదరాబాదులో బండరాళ్ల మీద ఇల్లు కట్టుకున్నవారూ ఉన్నారు. సెల్లార్ ర్యాంపు లేని అపార్ట్‌మెంట్ మనలో ఎవరికుంది? అందుకే ఆపరేటరును ఆపే, తోసే బలం మన దగ్గర ఉంది. మీకు నా విన్నపాలు మూడు.

యంత్రం బాడుగకు మాట్లాడేటప్పుడు "రోజుకు ఎంత" అని అడిగే ముందు "దారి చూడటానికి ఎవరు వస్తారు" అని అడగండి. వచ్చినవాళ్లు కర్ర పెట్టి కొలిచి, అంకె కాగితం మీద రాసి, బండి పలక మీది అంకె పక్కన పెట్టి చూపించాలి. రెండోది, వచ్చిన ఆపరేటరు ఆ మోడల్ మీద శిక్షణ పొందాడా అని చూడండి. ఇంకో రకం బండి తోలినంత మాత్రాన ఇది తోలటం రాదు. మూడోది అన్నింటికన్నా ముఖ్యం. ఆపరేటరు "కుదరదు" అంటే, ఆ మాట అతనికి నష్టం తేకుండా చూడండి. "నిన్న ఇంకొకడు తోలాడు కదా" అనకండి. "కొలిచి చూపించు" అనండి. కొలిచి చూపిస్తే "సరే, దారి చెక్కిద్దాం" అనండి. మనకు పోయేది ఒక పూట బాడుగ.

గురువులకు కూడా ఒక విన్నపం. గరిమనాభి పాఠం చెప్పేటప్పుడు ఈ ఇటుక, పలక ప్రయోగం ఒకసారి చేయించండి. పిల్లల చేతికి మీటరు కర్ర, రసమట్టం ఇచ్చి మన బడి ముందున్న వాలును కొలిపించండి. ఈ పలక, ఇటుక, రసమట్టం ఇక్కడే వదిలి వెళుతున్నాను, సైన్సు గదిలో ఉంచండి. ఆ పిల్లల్లో కొందరు రేపు ఇలాంటి యంత్రాలు తోలతారు, ఇంకొందరు వాటిని పిలిపిస్తారు. ఎటువైపు ఉన్నా, కొలిచిన అంకెను ఇద్దరూ ఒకేలా చదవగలగాలి.